సబ్‌వూఫర్ ఎక్కడుందో చెవికి దొరక్కూడదు: పొడుగింటి హాల్లో 5.1 సెట్ చేసుకోవడం

మాది పర్లాకిమిడి. పాతపట్నం దాటి వస్తే ఒడిశాలో మొదట తగిలే ఊరు మాదే. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి అంటుకుని పొడుగ్గా ఉంటాయి, ముందు అరుగు, తర్వాత హాలు, నడిమిల్లు, వంటిల్లు, చివర పెరడు, అటు గోడా ఇటు గోడా రెండూ పక్కవాళ్ళతో ఉమ్మడే. ఇలాంటి ఇళ్ళల్లో హోమ్ థియేటర్ పెట్టినవాళ్ళు చాలామంది చెప్పేది ఒకటే, బేస్ దద్దరిల్లిపోతోంది గానీ మాటలు అర్థం కావట్లేదు అని. మాట వినబడాలని వాల్యూమ్ పెంచుతారు, దాంతో బేస్ ఇంకా పెరుగుద్ది, పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) గోడ తట్టి "టికే ఆస్తే", అంటే కొంచెం నెమ్మదిగా, అంటుంది, ఈయన తగ్గిస్తాడు, మళ్ళీ మాట పోద్ది. స్పీకర్లు మంచివే, గది కూడా అంత చెడ్డదేం కాదు, పెట్టిన చోటు తప్పు, అంతే.

5.1 అంటే టీవీకి అటూ ఇటూ రెండు, మధ్యలో సెంటర్, మనకి పక్కల సరౌండ్‌లు రెండు, ఇవి ఐదు స్పీకర్లు, బేస్ అంటే డోలు లాంటి లావు మోత పలికే సబ్‌వూఫర్ డబ్బా ఆ .1, దాన్నే సబ్ అంటాం. ఒక్కటి ముందే చెప్పేస్తా. సబ్ బాగా కుదిరిందనడానికి గుర్తు ఇల్లు అదరడం కాదు, కళ్ళు మూసుకుని కూర్చుంటే ఆ డబ్బా ఏ మూలనుందో మనం చెప్పలేకపోవాలి. బేస్ కూడా టీవీ పక్కనున్న స్పీకర్లలోంచే వస్తున్నట్టు ఉండాలి. కింద చెప్పేదంతా దానికోసమే. కొన్న రోజు సాయంత్రానికే బిగించేసి సినిమా పెట్టేయకుండా ఒక ఆదివారం మొత్తం దీనికి తీసి పెట్టుకోండి, ఇంకో మనిషి తోడుంటే మరీ మంచిది.

నా మొదటి సెట్ బరంపురంలో కొన్నాను, షాపు నుంచి వచ్చిన కుర్రాడు గంటలో పని ముగించేశాడు. సబ్ టీవీ పక్కన మూలలో పెట్టాడు, వెనక నాబ్ ఫుల్‌కి తిప్పాడు, వెనక స్పీకర్లు రెండూ స్లాబుకి ఆనించి మూలల్లో వేలాడదీశాడు, సెంటర్ స్పీకర్‌కి ప్లస్ మైనస్ తారుమారు. అప్పుడు నాకూ తెలీదు, ఎనిమిది నెలలు అలాగే విన్నాను. ఆ ఎనిమిది నెలలు మీకు పోకూడదనే ఇది రాస్తున్నా.

ముందు కుర్చీ, తర్వాతే స్పీకర్

అందరూ స్పీకర్ ఎక్కడ పెట్టాలని అడుగుతారు, మనం ఎక్కడ కూర్చోవాలని ఎవరూ అడగరు. బేస్ విషయంలో మాత్రం ఇదే సగం పని. ధ్వని సెకనుకి దాదాపు 1130 అడుగులు పోతుంది, తక్కువ శబ్దాల (వాల్యూమ్ తక్కువని కాదు, బేస్ లాంటి లావు శబ్దాల) అలలు మన హాలంత పొడుగుంటాయి, అవి గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి కొన్ని చోట్ల ఒకదాన్నొకటి పెంచుకుంటాయి, కొన్ని చోట్ల చంపేసుకుంటాయి. మీ గదిలో ఏ శబ్దం దగ్గర ఇలా జరుగుతుందో తెలుసుకోడానికి పెద్ద లెక్కేం అక్కర్లేదు, 565ని గది కొలత అడుగుల్లో ఎంతుందో దాంతో భాగించండి. మా హాలు 18 అడుగుల పొడవు, 11 వెడల్పు, స్లాబు 10 అడుగుల ఎత్తు. పొడవుకి 31 హెర్ట్జ్ (అంటే సెకనుకి 31 అదురులు), వెడల్పుకి 51, ఎత్తుకి 56 వచ్చింది. ఈ 51, 56 చూశారా, రెండూ పక్కపక్కనే. అందుకే మా హాల్లో ఏ పాట పెట్టినా డోలు, తబలా, బాంబు అన్నీ ఒకటే "దుమ్ దుమ్" లాగ వినబడేవి. ఆ ఒక్క స్వరాన్ని గది లేపుతోందన్నమాట, స్పీకర్ కాదు.

గది పొడవుకి సరిగ్గా నడిమధ్యన కూర్చుంటే ఆ 31 హెర్ట్జ్ దాదాపు మాయమైపోతుంది, వెనక గోడకి ఆనుకుని కూర్చుంటే మోత పుడుతుంది. మన ఇళ్ళల్లో సోఫా ఎప్పుడూ గోడకే ఆనించి ఉంటుంది, అలవాటు. వెనక గోడ నుంచి గది పొడవులో నూటికి 38 వంతుల దూరం మంచి మొదలు, మా 18 అడుగులకి అది ఏడడుగుల లోపు. అంత ముందుకి జరిపితే నడవడానికి దారి ఉండదంటే కనీసం రెండడుగులైనా గోడ వదలండి. మా అమ్మ మొదట ఒప్పుకోలేదు, హాలు మధ్యలో సోఫా ఏటిరా అంది, వారం పోయాక సీరియల్లో మాటలు ఫ్యాన్ తిరుగుతున్నా తెలుస్తున్నాయని తనే అంది.

ఇక స్పీకర్లు. ముందువి రెండూ టీవీకి అటూ ఇటూ, మన కుర్చీ నుంచి చూస్తే ఒక్కో పక్క 22 నుంచి 30 డిగ్రీల కోణంలో రావాలి. పది అడుగుల దూరంలో కూర్చుంటే రెండింటి మధ్య 8 నుంచి 11 అడుగులు అనుకోండి, మాకు 8న్నర కుదిరింది. పైన చిన్న ట్వీటర్ ఉంటుంది కదా అది కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి. సెంటర్‌ని టీవీ బల్ల లోపలికి తోసేయకండి, బల్ల అంచు వరకు ముందుకి లాగి కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి ముఖం కొంచెం పైకి మన చెవి వైపు లేపండి, సినిమాలో మాటలన్నీ ఇంచుమించు దీంట్లోంచే వస్తాయి, దీన్ని అలమారాలో పెట్టి తలుపేసినవాళ్ళని కూడా చూశాను నేను. సరౌండ్‌లు రెండూ వెనక గోడకి కాదు, మనకి రెండు పక్కలా, చెవికి కొంచెం వెనగ్గా 110 డిగ్రీల దగ్గర, చెవి కంటే ఒక అడుగో రెండడుగులో పైన. స్లాబుకి వేలాడదీస్తే వర్షం సీను తప్ప ఇంకేదీ సరిగా ఉండదు.

వైరు 16 గేజ్ రాగిది చాలు, మన హాలు దూరాలకి ఇంకా లావుది అక్కర్లేదు. రెండు పోగుల్లో ఒకదానికి గీతో రంగో ఉంటుంది, దాన్నే అన్ని చోట్లా ప్లస్‌కి పెట్టండి. గోడలోంచి పోయిన పాత వైరు, ఏది ఏదో తెలీట్లేదంటే ఆంప్లిఫయర్ నుంచి వైరు విప్పేసి ఆ చివర ఒక పెన్సిల్ సెల్‌కి ఒక్క క్షణం తాకించండి, ఇంకో మనిషి స్పీకర్ ముందు నిలబడి కోన్, అంటే మధ్యలో కదిలే గరాటు లాంటి పొర, చూడాలి. ముందుకి ఉబికితే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్, లోపలికి పోతే తిరగేసి ఉంది. నా సెంటర్ తప్పు ఇలాగే దొరికింది, టప్ మని లోపలికి పోయింది. సరిచేసిన రోజు మాటలు గది అంతా చెదిరిపోకుండా టీవీలో మనిషి నోట్లోంచి వచ్చినట్టు వచ్చాయి.

సబ్ కోసం పాకడం

సబ్ వెనక మూడు ఉంటాయి. గెయిన్ లేదా వాల్యూమ్, దాన్ని సగం కంటే కొంచెం తక్కువకి పెట్టండి. లో పాస్ లేదా క్రాసోవర్ అని ఇంకో నాబ్, ఎన్ని హెర్ట్జ్ వరకు సబ్ పలకాలో చెప్పేది. రిసీవర్ (శబ్దాన్ని విడగొట్టి ఒక్కో స్పీకర్‌కి పంపే ఆంప్లిఫయర్ పెట్టె) ఉన్న సెట్ అయితే దీన్ని చివరి వరకు తిప్పేయండి, లేదా ఎల్ఎఫ్ఈ (సినిమాలో బేస్ కోసమే ఉండే వేరే ట్రాక్) అని గుర్తుంటే అక్కడికి. ఎందుకంటే ఎక్కడ కత్తిరించాలో రిసీవర్ చూసుకుంటుంది, రెండు చోట్ల కత్తిరిస్తే మధ్యలో గొయ్యి పడుతుంది. మూడోది ఫేజ్ స్విచ్, సబ్ కదలిక మిగతా స్పీకర్లతో కలిసేలా చూసేది, ప్రస్తుతానికి సున్నా. బజారులో దొరికే అసెంబుల్ 5.1 ఆంప్లిఫయర్లలో చాలావాటికి క్రాసోవర్ సెట్టింగ్ ఉండదు, అప్పుడు సబ్ మీద నాబ్‌నే వాడాలి, మూడంగుళాల చిన్న స్పీకర్లయితే 120 దగ్గర మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు పని. సబ్‌ని ఎత్తి మీరు కూర్చునే చోట, సోఫా మీదే పెట్టండి, నిజంగానే. ఒక బేస్ పాట మళ్ళీ మళ్ళీ వచ్చేలా పెట్టండి, బేస్ గిటార్ స్వరాలు మెట్లెక్కి దిగుతుండాలి, ఊరికే దుమ్ దుమ్ అనేది కాదు. తర్వాత మోకాళ్ళ మీద వంగి గోడ వారగా నెమ్మదిగా పాకండి, చెవి సబ్ పెట్టే ఎత్తులో ఉండాలి. ఒక మూలలో గుయ్యిమని ఉబ్బిపోతుంది, రెండడుగులు జరగ్గానే అసలు బేసే లేనట్టు సన్నబడిపోతుంది, ఇంకో చోట ప్రతి మెట్టూ ఒకే బరువుతో విడివిడిగా తెలుస్తుంది. ఆ చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. గది ఇటు నుంచి అటు ఎలా పంపుతుందో అటు నుంచి ఇటు కూడా అలాగే పంపుతుంది కాబట్టి, అక్కడ సబ్ పెడితే సోఫా దగ్గర అదే మంచి బేస్ వినబడుతుంది.

మాకు దొరికిన చోటు టీవీ గోడ పక్క మూల కాదు, ఎడమ పక్క గోడ వెంబడి టీవీ నుంచి ఐదడుగుల దూరంలో. మూలలో పెడితే మోత ఎక్కువ వస్తుంది నిజమే, దాంతోపాటు గది రోగాలన్నీ కూడా వస్తాయి. ఆ చోట ప్లగ్గు లేకపోతే పొడుగు ఆర్‌సీఏ కేబుల్ కొనండి, ప్లగ్గు కోసం చోటు మార్చుకోవద్దు. ఒకటే పెద్ద సబ్ బదులు రెండు చిన్నవి ఎదురెదురు గోడలకి, ఒక్కో గోడ నడిమధ్యన ఒకటి పెట్టగలిగితే ఎక్కువ కుర్చీల్లో సమానంగా ఉంటుంది, బడ్జెట్ ఉన్నవాళ్ళు ఆలోచించండి.

సబ్ చోటు కుదిరాక గలగలల వేట. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని, ఫోన్‌ని సెట్‌కి కలిపి, 20 హెర్ట్జ్ నుంచి 120 దాకా నెమ్మదిగా, చిన్న వాల్యూమ్‌లో పెంచుకుంటూ పోండి. ఇంట్లో ప్రతి వస్తువూ తన నంబరు దగ్గర పలుకుతుంది. మా ఇంట్లో 38 దగ్గర బీరువా తలుపు, 44 దగ్గర అటక మీద అమ్మ దాచుకున్న ఇత్తడి బిందెలు, 52 దగ్గర షోకేసు. షోకేసులో మా ఊరి కొమ్ము బొమ్మలుంటాయి, పశువుల కొమ్ముతో చేసిన కొంగలు, సన్నటి కాళ్ళ మీద నిలబడి ఉంటాయి, టోన్ 52కి రాగానే ఐదు కొంగలూ ఒక్కసారిగా అద్దం అల్మారాలో టకటకటక అని తలలూపాయి. ఇన్నాళ్ళూ సినిమాలో ఏదో చెడిపోయిన శబ్దం వస్తోందని నేను అనుకున్నది వాటిదే. ఒక్కోదాని కింద చిన్న ఫెల్ట్ ముక్క అంటించాను, బిందెల మధ్య పాత చీర పెట్టాం, ఫ్యాన్ రాడ్ మీద కప్పు వదులైతే స్క్రూ బిగించాను. రేకుల కప్పు ఉన్నవాళ్ళకి ఈ వేట ఎక్కువ ఉంటుంది, రేకుల్ని పట్టి ఉంచే జె హుక్కుల దగ్గర రబ్బరు వాషర్లు పోయి ఉంటే ముందు అవి మార్చండి.

హమ్ వస్తే

ఏమీ పెట్టకపోయినా సబ్ "మ్‌మ్‌మ్" అంటుంటే అది మన 50 హెర్ట్జ్ కరెంటు మూలుగు. సబ్ ఒక గదిలో ప్లగ్గు, టీవీ ఇంకో బోర్డులో ప్లగ్గు ఉంటే ఎర్త్‌లు రెండూ కలిసి ఒక చుట్టు అవుతుంది, ముందు అన్నీ ఒకే బోర్డులోకి తెచ్చి చూడండి. తగ్గకపోతే కేబుల్ టీవీ లేదా డిష్ వైరు వెనక నుంచి పీకి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. దయచేసి సబ్ ప్లగ్గుకున్న మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, హమ్ పోతుంది నిజమే, ఎప్పుడైనా లోపల షార్ట్ అయితే ఆ పెట్టె ముట్టుకున్న పిల్లాడికి షాక్ కొడుతుంది. పాత ఇళ్ళల్లో ఎర్త్ గుంట ఎండిపోయి ఉంటుంది, బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోయించండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒకసారి చెక్ చేయించండి. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే జుయ్యిమంటుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది, సెట్ తప్పు కాదు. కాలిబ్రేషన్, అంటే కింద చెప్పే మైకు కొలత, మాత్రం ఇన్వర్టర్ మీద ఎప్పుడూ చేయొద్దు.

మైకుతో కొలవడం

రిసీవర్ తనే గదిని కొలుచుకునే ఏర్పాటు ఉంటుంది, డెనాన్‌లో ఆడిసీ, యమహాలో వైపావో, పేరేదైనా రిసీవర్‌తో పాటు చిన్న మైకు ఒకటి వస్తుంది. దాన్ని సోఫా మీద దిండు మీద పడేయకండి, కెమెరా స్టాండు మీద చెవి ఎత్తులో, మొన పైకి, వెనక ఉన్న సోఫా వీపు కంటే కొంచెం పైకి ఉండేలా. మొదటి కొలత సరిగ్గా మీరు కూర్చునే చోటే, దూరాలూ లెవెళ్ళూ దాన్నిబట్టే పెడుతుంది, మిగతావి దాని చుట్టూ ఒకటి రెండడుగుల్లో. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ హాల్లోనే ఉంటే అదీ కాసేపు ఆపాలి. మేమైతే రాత్రి పదకొండు దాటాక చేశాం, వీధిలో బళ్ళు ఆగాక, చెమటలు కారుతున్నా ఫ్యాన్ వేయలేదు. సబ్ దగ్గరకొచ్చేసరికి శబ్దం గట్టిగా వస్తుంది, పక్కింటివాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

అయిపోయిందని వదిలేయకండి, మెనూలోకి వెళ్ళి నాలుగు చూడాలి. మొదటిది, ముందు స్పీకర్లని లార్జ్ అని పెట్టి ఉంటే స్మాల్‌కి మార్చండి. స్మాల్ అంటే సైజు మాట కాదు, తక్కువ శబ్దాలు సబ్‌కి పంపు అని చెప్పడం. క్రాసోవర్ 80 హెర్ట్జ్ మంచి మొదలు, చిన్న స్పీకర్లకి 100 లేదా 120. అంతకంటే పైకి పోతే మగవాళ్ళ గొంతు సబ్‌లోకి జారి డబ్బా ఎక్కడుందో తెలిసిపోతుంది. రెండోది, ఎల్ఎఫ్ఈ లో పాస్ అని వేరే ఉంటుంది, అది 120. మూడోది, సబ్ దూరం టేపుతో కొలిస్తే పది అడుగులుంటే రిసీవర్ పద్నాలుగు అని చూపించొచ్చు, దాన్ని దిద్దకండి, సబ్ లోపలి సర్క్యూట్‌లో అయ్యే ఆలస్యం కూడా కలుపుకుని చెప్తుంది అది. నాలుగోది సబ్ లెవెల్. మైనస్ 12 దగ్గర ఆగిపోయి ఉంటే గెయిన్ నాబ్ ఎక్కువుందని అర్థం, తగ్గించి మళ్ళీ కొలవండి, సున్నాకి కొంచెం అటూ ఇటూ వస్తే బాగున్నట్టు.

మైకు రాని సెట్ అయితే రిసీవర్‌లో టెస్ట్ టోన్ ఉంటుంది, ఒక సౌండ్ మీటర్ కొని దాంట్లో సీ వెయిటింగ్ (బేస్‌ని కూడా లెక్కలోకి తీసుకునే కొలత), స్లో పెట్టి కూర్చునే చోట ప్రతి స్పీకర్ 75 డీబీ (డెసిబెల్, శబ్దం గట్టితనం కొలత) చూపించేలా సర్దండి, సబ్ కూడా అంతే. ఫోన్ యాప్ మిగతా స్పీకర్లని ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తుంది, సబ్‌కి మాత్రం నమ్మొద్దు, ఫోన్ మైకులు చాలావరకు తక్కువ శబ్దాలని కోసేస్తాయి. సినిమాల్లో ఆ .1 ట్రాక్, అంటే ఎల్ఎఫ్ఈ, మిగతా ఛానెళ్ళ కంటే 10 డీబీ ఎక్కువగా రావాలి, అది రిసీవర్ తనే చేస్తుంది, మనం మళ్ళీ పైనుంచి పెంచక్కర్లేదు. కాకపోతే తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ సరిగా ఆనదు, రాత్రిళ్ళు నెమ్మదిగా వినేవాళ్ళు 3 డీబీ పెంచుకుంటే తప్పులేదు.

ఫేజ్ స్విచ్ చివర్లో. 80 హెర్ట్జ్ టోన్ పెట్టి, ముందు స్పీకర్లూ సబ్ కలిసి మోగుతుండగా ఒకరు సోఫాలో కూర్చుని ఇంకొకరు స్విచ్ సున్నా నుంచి 180కి మార్చాలి. ఏది గట్టిగా వినబడితే అదే ఉంచండి. టెక్కలి నుంచి మా బావ వచ్చినప్పుడు ఆయన స్విచ్ దగ్గర, నేను సోఫాలో. "ఇప్పుడెలాగుంది?" "మొదటిదే బావా." "మరిప్పుడో?" అని నాలుగుసార్లు నాకు చెప్పకుండా మార్చి చూశాడు, నాలుగుసార్లూ నేను సున్నానే చెప్పాను. అప్పుడు వదిలేశాం. ఇలా చూడకుండా చెప్పించుకోవడం మంచిది, కళ్ళతో చూస్తే చెవి మోసపోతుంది.

ఇంకా లోతుగా పోవాలనుకునేవాళ్ళకి రూమ్ ఈక్యూ విజార్డ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, యూమిక్ లాంటి యూఎస్‌బీ మైకుతో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. గుట్టల్లాగ పైకి లేచినవాటిని ఈక్యూతో (ఒక్కో స్వరాన్ని విడిగా పెంచే, తగ్గించే సెట్టింగ్) కిందకి దించండి, గోతులని పెంచి నింపడానికి చూడకండి, గది చంపేస్తున్న శబ్దానికి ఎంత పవర్ పోసినా వృథా, సబ్ కాలిపోవచ్చు కూడా. దానికి మందు సబ్‌నో సోఫానో జరపడమే.

ఇంత చేశాక కూడా వెనక స్పీకర్లు మూగగా ఉన్నాయంటే టీవీ సెట్టింగ్ చూడండి. సౌండ్ అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే చాలా టీవీలు రెండు ఛానెళ్ళే పంపుతాయి, పాస్ త్రూ లేదా బిట్‌స్ట్రీమ్‌కి మార్చండి. ఆప్టికల్ వైరు కంటే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ మంచిది, ఓటీటీల్లో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ ఆప్టికల్‌లో పోదు.

ఉమ్మడి గోడల సంగతి నిజం చెప్పాలంటే, సబ్ కింద రబ్బరు షీటు వేస్తే నేల ద్వారా పోయే అదురు తగ్గుతుంది, గాలిలో పోయే బేస్ గోడ దాటకుండా ఆగదు. అందుకే రాత్రి పదయ్యాక రిసీవర్‌లో నైట్ మోడ్ వేసేస్తాం, పేలుళ్ళు తగ్గి మాటలు పైకొస్తాయి, మావుసీ కూడా నిద్రపోతుంది.

మా వైపు గాలిలో తేమ ఎక్కువ, గోపాల్‌పూర్, సోంపేట వైపు సముద్రం దగ్గరున్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. కోన్ చుట్టూ అంచు ఫోమ్‌ది అయితే కొన్నేళ్ళకి వేలితో ముడితే రాలిపోయేలా అయిపోతుంది, కొనేటప్పుడే రబ్బరు అంచుది చూసుకోండి. సబ్ డబ్బా ఎండీఎఫ్ చెక్క, నేల తడిగుడ్డ పెట్టినప్పుడల్లా కింద అంచు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఒక బండ ముక్క మీద రబ్బరు వేసి పైన పెట్టండి. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం మబ్బు పట్టి ఉరుముతుంటే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి, డిష్ వైరు కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి నేను సబ్‌నీ రిసీవర్‌నీ మంచం మీదకెక్కించి టార్పాలిన్ కప్పాను, హాల్లోకి నీళ్ళొచ్చాయి గానీ వాటికి ఏమీ కాలేదు. కరెంటు వచ్చాక కూడా ఓల్టేజ్ నిలబడేదాకా వారం రోజులు ప్లగ్గు పెట్టలేదు. తిరిగి పెట్టినప్పుడు నేల మీద చాక్‌పీసు గుర్తు కొట్టుకుపోయింది, మళ్ళీ మొదటి నుంచి పాకాను, అదే చోట దొరికింది. ఈసారి గోడ మీద పెయింటుతో చిన్న చుక్క పెట్టుకున్నా.